పదిహేడో ఇల్లు

"సోమవారం పొద్దున ఆరింటికి రమ్మన్నారు. దుప్పట్లు మడతపెట్టే సెక్షన్లో," అంది అక్క కూతురు. "పదిహేను రోజులు ట్రైనింగట. మడత పెట్టడానికి ట్రైనింగేంటో మరి."

ఎవరూ నవ్వలేదు.

మాట తండ్రితో, చూపు గోడ మీద. నేనింకా గుమ్మంలోనే ఉన్నాను, చెప్పులు కూడా విడవలేదు. మూడు రోజులుగా ఆ పిల్ల కాలేజీకి వెళ్ళడం లేదని, తల్లితో ఒక్క మాటా మాట్లాడటం లేదని బావ ఫోన్లో చెప్పాడు. ఎందుకని అడిగితే, "నీ పుస్తకాన్నే అడుగు," అని పెట్టేశాడు.

"రా తల్లీ, అరవై కొంపల పంతులమ్మా," అన్నాడిప్పుడు. నేను అరవై ఇళ్ళు తిరిగి పుస్తకం రాసినప్పట్నుంచీ ఆయన నన్ను పిలిచే పేరది. "అరవై కొంపలూ నిక్షేపంగా ఉన్నాయి. ముంచడానికి నీకు మాదే దొరికిందా?"

బావ స్కూలు వ్యాను డ్రైవరు. పొద్దున్నే ముప్పై మంది పిల్లల గోల భరించి వచ్చి కూడా ఇంట్లో జోకులు వేసే మనిషి. ఈసారి జోకు వేసి తనే తల దించుకున్నాడు.

బల్ల మీద మూడు రకాల కాగితాలున్నాయి. కాలేజీ పరీక్ష ఫారం, ఒక్క గడి కూడా నింపలేదు. దానికి సోమవారమే ఆఖరు తేదీ. పక్కనే ఆస్పత్రి లాండ్రీలో సోమవారం ఇవ్వాల్సిన దరఖాస్తు, నీలం ఇంకుతో ముత్యాల్లాంటి అక్షరాలు. మూడోది జిరాక్సు కాగితాల కట్ట. దూరం నుంచే గుర్తుపట్టాను. అది నా నాలుగో అధ్యాయం.

నాకేమీ అనిపించలేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షనిస్తే చిగురు మీద నాలుక పెట్టి చూసుకుంటాం కదా, అలా లోపల వెతుక్కున్నాను. మొద్దుబారి ఉంది.

నా చదువు గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే నేను చేసిన తప్పు ఎంత ముచ్చటైనదో ఎవరికీ తెలీదు. సమాజశాస్త్రంలో ఎమ్మే, ఆ పైన ఆరేళ్ళ డాక్టరేటు. అసమానత మీద పనిచేసేవాళ్ళలో చాలామంది వీధికీ వీధికీ మధ్య తేడా కొలుస్తారు. నేను ఒకే కప్పు కింద ఉన్న తేడా కొలుస్తాను. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఎవరిది, లైటు ఎవరి పుస్తకం వైపు తిప్పుతారు, చివర తినేదెవరు, జ్వరమొస్తే ఎవరికి డాక్టరు, ఎవరికి దుప్పటి.

ఈ ఆసక్తి ఎక్కడ పుట్టిందని ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగారు. "నేను పుట్టిన ఇంట్లోనే," అన్నాను. బోర్డులో ఉన్న ఐదుగురూ తలలూపారు. ఆ వాక్యం ఇప్పటికీ యూనివర్సిటీ వాళ్ళు వేసిన నా పరిచయంలో ఉంది. అందులో లేనిది అక్క. పదో తరగతితో ఆపించేస్తే, పదహారేళ్ళకే ఆస్పత్రి లాండ్రీలో చేరింది. నేను చదువుకున్నాను. అప్పుడు మా అమ్మ అన్న మాట మా ఇద్దరికీ కంఠతా వచ్చు. "పెద్దదానికి ఓర్పుంది. దానికేమీ ఇవ్వకపోయినా బతుకుతుంది."

"కూర్చో పిన్నీ," అంది పిల్ల. నేనొచ్చాక నాతో అన్న మొదటి మాట. చాలా మర్యాదగా అంది. నాకది తిట్టులా తగిలింది.

కూర్చున్నాను. వంటగదిలో కుళాయి తిరిగిన చప్పుడైంది. అక్క అక్కడుంది. పిల్ల తమ్ముడు ట్యూషనుకి వెళ్ళినట్టున్నాడు, కనబడలేదు.

"మంగళవారం క్లాసులో మా సారు ఇది ఇచ్చారు," అంది, జిరాక్సులు సర్దుతూ. "ఎవరు రాశారో నేను ముందే చూశాను. మా పిన్నేనని ఎవరికీ చెప్పలేదు. గొప్పలు పోతున్నాననుకుంటారని."

"మంచి పని చేశావు."

"నలభై రెండో ప్రశ్న దగ్గర సారు ఆపి అడిగారు."

నలభై రెండో ప్రశ్న నేను అరవై ఇళ్ళలోనూ ఒకే రకంగా, ఒక్క పొల్లు మార్చకుండా అడిగిన ప్రశ్న. ఇద్దరు పిల్లల్లో ఒక్కరినే చదివించగలిగితే ఎవరిని చదివిస్తారు, ఎందుకు?

"పదిహేడో ఇంట్లో తల్లి ఏమందో నువ్వే రాశావుగా," అంది. కాగితం చూడకుండా అప్పజెప్పింది. "'చిన్నోణ్ణి. పెద్దదానికి ఓర్పుంది. దానికేమీ ఇవ్వకపోయినా బతుకుతుంది.' ఆమె ఎందుకలా అంది, ఎవరైనా చెప్తారా అన్నారు సారు. నేనే లేచాను."

"ఏం చెప్పావమ్మా?" అన్నాడు బావ.

"తనకు జరిగిన అన్యాయాన్ని న్యాయం అనుకుంటోంది సార్, అందుకే కూతురికి అదే వడ్డిస్తోంది అన్నాను. నలభై మంది ముందు శభాష్ అన్నారు నాన్నా. ఆ శభాష్ ఇంకా చెవిలో ఉండగానే కింద పేరా చదవమన్నారు. పైకి చదివాను."

ఆ పేరా నాకు చదవక్కర్లేదు. 'రోజంతా నిలబడి వచ్చిన ఆ తల్లి గోరువెచ్చని ఉప్పునీళ్ళ బక్కెట్లో పాదాలు పెట్టుకుని నా ప్రశ్నలకు జవాబు చెప్పింది.' ఎవరిల్లో తెలియకూడదని అక్క లాండ్రీని బేకరీ చేశాను. పిల్లల వయసులు మార్చాను. ఇల్లు రెండో అంతస్తులో ఉంటే కిందికి దించాను. బక్కెట్టు ఒక్కటి మార్చలేదు. వాక్యం బాగా కుదిరిందని ఉంచేశాను.

"ఆ నీళ్ళు కాచింది నేను," అంది పిల్ల. "ఉప్పేసింది నేను. బక్కెట్టు అక్కడ పెట్టి, నువ్వు పక్క గదిలోకి వెళ్ళమంటే వెళ్ళింది నేను. వెళ్ళమన్నది నువ్వు పిన్నీ, అమ్మ కాదు."

అవును, నేనే. జవాబు చెప్పే మనిషి పక్కన మూడో మనిషి ఉండకూడదు. మా పద్ధతి అది.

ఆ రోజు అసలు అక్క ఇంటికి వెళ్ళాల్సిన పనే లేదు నాకు. ఒప్పుకున్న ఇల్లొకటి ఆఖరి నిమిషంలో కుదరదంది. అరవై ఉండాల్సిన చోట యాభై తొమ్మిదయ్యాయి. సొంతవాళ్ళని తీసుకోకూడదని తెలిసీ, ఎవరు చూడొచ్చార్లే అని అక్కను కూర్చోబెట్టాను.

"పుస్తకం మన ఇంట్లోనే ఉందిగా. ముందే చదివి ఉండాల్సింది," అన్నాడు బావ, ఎవరినో తప్పుపట్టాలన్నట్టు.

"ఎలా చదువుతాను? చెయ్యి పడితే మాసిపోతుందని ప్లాస్టిక్ కవరు కూడా విప్పనివ్వలేదు నువ్వు."



"చూడమ్మా," అన్నాను. నా గొంతు నాకే క్లాసులో పాఠం చెబుతున్నట్టు వినిపించింది. "అది ఊహించి అడిగిన ప్రశ్న. నిజంగా జరిగింది కాదు. మీ అమ్మ నిన్ను చదివించింది. నీ కళ్ళ ముందే ఉంది."

"చదివించింది. కాదన్నానా? నాలుగేళ్ళు రెండు షిఫ్టులు చేసింది. నాకు తెలుసు." దరఖాస్తు మీద వేలితో గీత గీసింది. "చేసినవన్నీ సిగ్గుకో భయానికో చేసి ఉండొచ్చు. చెల్లెలు ప్రొఫెసరు, కూతుర్ని చదువు మాన్పిస్తే ఊరుకుంటుందా? మనసులో ఉన్నది మాత్రం ఇది. నన్ను పక్క గదిలోకి పంపించాక వచ్చిన మాట ఇది."

"అందుకని లాండ్రీలో చేరతావా?" అన్నాడు బావ.

"ఏమీ ఇవ్వకపోయినా బతుకుతానందిగా. బతికి చూపిస్తాను."

కోపంగా అన్నా బాగుండేది. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. ఈ పిల్లకిప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ వయసుకి అక్కకి లాండ్రీ పని మూడేళ్ళు పాతబడింది. ఆ లెక్క నాకు దానంతటదే తోచింది. బాధ మాత్రం వెంట రాలేదు.

మంచినీళ్ళు తాగొస్తానని లేచాను.

అక్క కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది. వేళ్ళ చివర్లు నాని ముడతలు పడ్డాయి. నా వైపు తిరగలేదు.

"విన్నాను," అంది.

"అక్కా, నేను..."

"నువ్వు ఏడవకు. నువ్వేడిస్తే నిన్ను ఊరుకోబెట్టే ఓపిక లేదు నాకు."

"ఏడవటం లేదు."

"సరే." కుళాయి కట్టేసింది. "దానికి ఒక మాట చెప్పు."

"ఏం చెప్పను?"

"ఆ రోజు నీ రికార్డింగు మిషను ఆపేశాక నేను ఇంకో మాటన్నానని. 'ఇదంతా నీ కాగితం కోసం చెప్పానే, నేను మాత్రం ఇద్దర్నీ చదివిస్తాను' అన్నానని."

"నువ్వలా అనలేదక్కా."

"అనలేదు. అన్నానని చెప్పు."

గ్లాసు తుడిచి బోర్లించింది. ఇంకోటి అందుకుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"నువ్వే చెప్పొచ్చుగా," అన్నాను.

"నేను చెప్తే కడుపుతీపితో కల్పించాననుకుంటుంది. నీ మాటైతే అచ్చులో మాట. మిషను ఆపాక అన్నవి రాయకూడదని మీకు రూలుందని నువ్వే చెప్పావు. అందుకే పుస్తకంలో లేదని చెప్పు. అతికినట్టు సరిపోతుంది."

నిజంగానే అతికినట్టు సరిపోతుంది. రికార్డరు ఆపాక చెవిన పడింది వాడుకోకపోవడం మా వృత్తి ధర్మం. పదో తరగతితో ఆగిపోయిన మనిషి, నా ధర్మంలో మనిషి పట్టేంత కంత ఎక్కడుందో నాకంటే ముందు చూసింది.

"మిషను ఆపాక నువ్వేమన్నావో నాకు గుర్తుందక్కా."

"నాకూ గుర్తుంది. 'ఇది మా అమ్మాయి చదవదు కదా' అన్నాను." గొంతులో ఏ మార్పూ లేదు. "ఆ రోజు కాళ్ళు పగిలిపోతున్నాయే. నువ్వు అడుగుతూనే ఉన్నావు. నాకు వేరే జవాబు తట్టలేదు. అమ్మ నోట్లో మాట నా నోట్లోకి వచ్చి పడింది. అన్నాక భయమేసింది. ఆ భయంతోనే తర్వాత నాలుగేళ్ళూ చేశాను. నోరు జారిందానికి చేతులు చాకిరీ చేశాయి. అది నువ్వు రాయలేదు."

"అప్పటికి పుస్తకం అయిపోయిందక్కా."

"అయిపోయుంటుంది."

 బయట ఎవరో మెట్ల మీద సైకిలు ఎత్తుకెళ్తున్నారు. ఒక్కో మెట్టుకీ చక్రం గోడకి తగులుతోంది.

"నీ చదువయ్యేదాకా నిన్నేమైనా అడిగానా?" అంది.

"లేదు."

"తర్వాత?"

"లేదు."

"ఇప్పుడడుగుతున్నాను."

ఇరవై ఏళ్ళుగా విద్యార్థులకి మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది. అవతలివాళ్ళు చెప్పనిది చెప్పారని రాస్తే, ఇక మీరు ఏ ఇంటి గడపా తొక్కే అర్హత లేనివాళ్ళు. అది తలుచుకుంటూనే నీళ్ళు తాగి, గ్లాసు అక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని కడిగింది.

తిరిగి వచ్చేసరికి పిల్ల దరఖాస్తుని కవర్లో పెడుతోంది.

"ఒక్క నిమిషం," అన్నాను. "పుస్తకంలో లేని మాట ఒకటుంది."

చేతులు ఆగాయి.

"రికార్డరు ఆపాక మీ అమ్మ ఇంకో మాటంది. ఆపాక అన్నవి మేం రాయకూడదు. అందుకే రాయలేదు."

"ఏమంది?"

"తను మాత్రం..."

"అలా కాదు పిన్నీ. మాటకు మాట చెప్పు. అమ్మ ఎలా అందో అలా."

చెప్పాను. 'ఇదంతా నీ కాగితం కోసం చెప్పానే. నేను మాత్రం ఇద్దర్నీ చదివిస్తాను. నా కాళ్ళు విరిగినా సరే.' చివరి ముక్క అక్క నేర్పింది కాదు. నాదే. ఇంత సులువుగా వస్తుందని నేననుకోలేదు. అరవై ఇళ్ళలో అంతమంది తల్లుల గొంతులు విన్న మనిషిని, ఒక తల్లి గొంతు కల్పించడం నాకో లెక్కా?

పిల్ల నన్ను చాలాసేపు చూసింది.  కింది పెదవి పంటితో నొక్కి పట్టుకుంది.

"నిజంగా?"

"నిజంగా."

బావ పెద్దగా ఊపిరి వదిలాడు. "చూశావా! నేను చెప్తూనే ఉన్నా. మీ అమ్మ నోరు కాకరకాయ గాని..." అంటూ ఏదో మొదలుపెట్టి ఆపేశాడు.

పిల్ల కవర్లోంచి దరఖాస్తు బయటకు తీసింది. నిలువునా మధ్యకి చింపింది. పరీక్ష ఫారం ముందుకు లాక్కుంది. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"అయితే సోమవారం నువ్వు నాతో క్లాసుకు రావాలి."

"నేనెందుకు?"

"నలభై మంది ముందు లేచి మా అమ్మని నేను ఏదో అన్నాను. అందరూ రాసుకున్నారు. పరీక్షలో కూడా అదే రాస్తారు. అది తప్పని నువ్వు వచ్చి చెప్పు. ఇప్పుడు చెప్పావే ఆ మాట, అలాగే చెప్పు. నీ పుస్తకం రెండోసారి వేసేటప్పుడు అందులోనూ వెయ్యి. అమ్మ అడిగితే అప్పుడు రాయొచ్చుగా?"

"రాయొచ్చు," అన్నాను. నాలుక దానంతటదే తిరిగింది.

అప్పుడు వంటగది గుమ్మంలో అక్క కనిపించింది. ఎప్పుడొచ్చిందో. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటోంది. పిల్ల లేచి ఎదురెళ్ళింది. మూడు రోజుల తర్వాత తల్లి మొహం చూసింది. ఏమీ అనకుండా వంగి, పాదాలు తాకబోయింది.

అక్క గబుక్కున వెనక్కి జరిగింది.

"వద్దు."

"అమ్మా..."

"వద్దన్నానా! ముట్టుకోకు." అంత గట్టిగా అక్క అరవడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత గొంతు తగ్గించింది. "నేనలా అనలేదే."

"ఏంటే నువ్వు!" అని బావ లేచాడు.

"మీరు కూర్చోండి." పిల్లనే చూస్తోంది. "నేనే అబద్ధం చెప్పమన్నాను మీ పిన్ని చేత. నువ్వు కోపంగా ఉంటే పడొచ్చు. నాది కాని మాటకి నువ్వు నా కాళ్ళు పట్టుకుంటే పడలేను. పుస్తకంలో ఉన్నదే నేనన్నది. ఆ పూట మనసులో అదే వచ్చింది. అదే అన్నాను."

పిల్ల కదల్లేదు. చింపిన దరఖాస్తు ముక్క ఒకటి ఇంకా దాని చేతిలోనే ఉంది.

"మిషను ఆపాక ఏమీ అనలేదా మరి?"

"అన్నాను." అక్క గోడకి ఆనుకుంది. "'ఇది మా అమ్మాయి చదవదు కదా' అనడిగాను."

ఇక అరుపులుంటాయనుకున్నాను. ఏడుపు ఉంటుందనుకున్నాను. ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. పిల్ల తల్లిని అలాగే చూసింది. ఆ చూపులో కోపం కనబడలేదు. మెల్లగా నా వైపు తిరిగింది.

"దానికి నువ్వేమన్నావు పిన్నీ?"

ఈ ప్రశ్న ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

"చెప్పు. అమ్మ అడిగింది కదా. నువ్వేమన్నావు?"

అక్క తల వంచుకుంది. నేనేమన్నానో ఆమెకి గుర్తుంది. గుర్తుండి కూడా వంటగదిలో నా మొహాన కొట్టలేదు.

"చదవదులే అన్నాను," అన్నాను.

"ఎందుకు?"

"మీ అమ్మకి ధైర్యం చెప్పడానికి..."

"అది కాదు. చదవనని నీకెలా తెలుసు? అప్పుడు నేను ఎనిమిదో తరగతి. క్లాసులో ఫస్టు. ప్రోగ్రెస్ కార్డు నీకే ముందు చూపించేదాన్ని. నీ పుస్తకం కాలేజీల్లో చదివే పుస్తకం. దాని దాకా నేను రానని ఎందుకనుకున్నావు?"

   లోపల మొద్దుబారిన చోట మొదటిసారి సన్నగా నొప్పి తెలిసింది. నలభై రెండో ప్రశ్న ఆ రోజు ఆ గదిలో నన్ను ఎవరూ అడగలేదు. అడక్కుండానే నేనూ జవాబు చెప్పేశాను. అక్కకి కాళ్ళ నొప్పులైనా ఉన్నాయి, నాకు ఆ సాకూ లేదు.

పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది. పరీక్ష ఫారాన్ని పక్కకు జరిపింది, నింపలేదు, చింపలేదు. తన క్లాసు నోట్సు తీసి కొత్త పేజీ తిప్పింది. తండ్రివైపు చూసింది.

"నాన్నా, అమ్మని తీసుకుని కాసేపు పక్క గదిలోకి వెళ్ళు."

బావ అక్క భుజం పట్టుకుని తీసుకెళ్ళాడు. తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది. పిల్ల నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది, పెన్ను మూత తీసింది.

"తొందరేం లేదు పిన్నీ. గుర్తుతెచ్చుకునే చెప్పు. నువ్వెలా చెప్తే అలా, మాటకు మాట రాసుకుంటాను."